అస్మా వీడియో పెట్టాక

పిల్లలూ,

మొన్న పండక్కి వచ్చినప్పుడు "ఈజిప్టులో ప్రభుత్వాన్ని ఫేస్‌బుక్కే పడగొట్టిందట కదా అమ్మమ్మా" అని అడిగారు. వంటింటి హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ మాట సగమే నిజమర్రా.

2011 జనవరి 18న అస్మా మహ్‌ఫూజ్ అనే పాతికేళ్ల అమ్మాయి ఒక వీడియో పెట్టింది. ఆడపిల్లనైనా 25న ప్రభుత్వం మీద నిరసనకు కైరోలోని తహ్రీర్ మైదానానికి వెళ్తున్నాను, మీరూ రండి అంది. అలెగ్జాండ్రియాలో ఖాలిద్ సయీద్ అనే యువకుణ్ణి పోలీసులు కొట్టి చంపి అప్పటికి ఏడు నెలలే అయింది. అలాంటి రోజుల్లో ఆమె పేరూ దాచుకోలేదు, ముఖమూ దాచుకోలేదు. నాకు ఫోన్ కన్నా ఆ ముఖమే పెద్దగా కనిపిస్తుంది.

అసలు కథ ఇంకా ముందుది. 2006 డిసెంబర్‌లో మహల్లా ఊళ్లోని బట్టల మిల్లులో, ఇస్తామన్న బోనస్ ఇవ్వలేదని సుమారు మూడు వేలమంది ఆడకూలీలు పని ఆపేసి, ఆడవాళ్లం వచ్చాం, మగవాళ్లేరీ అని అరుస్తూ మిల్లంతా తిరిగారు, అప్పుడు గానీ మగవాళ్లు కదల్లేదు. ఆ కేక నాకెంత ఇష్టమో! 2008 ఏప్రిల్ 6న అదే మిల్లు మళ్లీ సమ్మెకు సిద్ధమైతే, వాళ్లకు తోడుగా ఇస్రా అబ్దుల్ ఫత్తాహ్ అనే అమ్మాయీ స్నేహితులూ ఫేస్‌బుక్‌లో గ్రూపు పెట్టారు. ఆమెను జైల్లో వేశారు. అస్మా ఆ ఏప్రిల్ 6 ఉద్యమంలోంచి వచ్చిన పిల్లే.

అప్పట్లో ఈజిప్టు జనాభాలో సగానికి పైగా ముప్ఫై ఏళ్ల లోపువాళ్లు. చదువుకున్నా ఉద్యోగం లేదు, ఉద్యోగం లేక పెళ్లీ కాదు, అధ్యక్షుడు ముబారక్ చూస్తే 1981 నుంచి గద్దె దిగలేదు.

అస్మా చెప్పిన 25న జనం నిజంగానే రోడ్డెక్కారు. జనవరి 28 నాటికి ప్రభుత్వం ఇంటర్నెట్ కట్ చేసేసింది, సెల్‌ఫోన్లు కూడా పనిచెయ్యలేదు. ఇంట్లో కూర్చుంటే పిల్లల సంగతి ఏమీ తెలియదు కదా, ఆ టెన్షన్‌తోనే బయటికొచ్చినవాళ్లూ ఉన్నారు. ఫిబ్రవరి 11న ముబారక్ దిగిపోయాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మార్చి 8న మహిళా దినోత్సవమని అదే మైదానానికి వచ్చిన ఆడవాళ్లను మగవాళ్ల గుంపులు తరిమాయి. మర్నాడు సైన్యం అక్కడి నిరసనకారుల్ని పట్టుకుపోయి, కొందరు అమ్మాయిలకు కన్యత్వ పరీక్షలు చేసింది. వాళ్లలో సమీరా ఇబ్రహీం అనే అమ్మాయి నోరు మూసుకోలేదు, సైన్యం మీదే కోర్టుకెళ్లింది. ఆ పరీక్షలు ఆపాలని ఆ డిసెంబర్‌లో తీర్పొచ్చింది. చేసిన డాక్టర్‌ని మాత్రం మరుసటి మార్చిలో సైనిక కోర్టు వదిలేసింది.

ఉంటాను మరి,
మీ అమ్మమ్మ