12.78 అంటే సరిగ్గా ఎంత?

2024 మే 22న ఫిన్లాండ్‌లో జరిగిన పోటీలో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ గెలిచింది. టైమ్ 12.78 సెకన్లు. పారిస్ ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత రావాలంటే 12.77 కావాలి. "వందో వంతు సెకను తేడాతో పోయింది" అని అందరం నిట్టూర్చాం. తర్వాత ప్రపంచ ర్యాంకింగ్ లెక్కలో చోటు దొరికి పారిస్ వెళ్లింది, ఆ ఈవెంట్‌లో ఒలింపిక్స్ ట్రాక్ మీద పరుగెత్తిన తొలి భారతీయురాలు కూడా అయింది, అదంతా తెలిసిందే. నేను పట్టుకున్నది ఆ "వందో వంతు" అన్న మాటని. అది నిజం కాకపోవచ్చు. తేడా వెయ్యో వంతే అయ్యుండొచ్చు.

ఎలాగంటే, పరుగు పందేల్లో గీత దగ్గరుండే కెమెరా వెయ్యో వంతు సెకను దాకా చదువుతుంది. కానీ ఫలితాల పట్టికలో రాసేది వందో వంతు వరకే, అదీ ఎప్పుడూ పైకి రౌండ్ చేసి. కెమెరా 12.771 అని చదివినా 12.78 అనే రాస్తారు, 12.780 అని చదివినా 12.78 అనే రాస్తారు. అంటే పట్టికలో కనిపించే 12.78 వెనక 12.771 నుంచి 12.780 దాకా పది వేర్వేరు పరుగులు దాక్కుని ఉండొచ్చు. ఆ వేగంలో వెయ్యో వంతు సెకనుకి మనిషి ముందుకెళ్లేది దాదాపు 8 మిల్లీమీటర్లు, వందో వంతుకి 8 సెంటీమీటర్లు. జ్యోతికీ ఆ గీతకీ మధ్య దూరం ఈ రెండింటి మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఇంకో విషయం, బళ్లో మనకి నేర్పిన రౌండింగ్ గనక అక్కడ వాడుంటే 12.771 నుంచి 12.774 వరకు అన్నీ 12.77 అయ్యేవి, టికెట్ నేరుగా చేతికొచ్చేది. అలా ఎందుకు చేయరంటే, తాము పరుగెత్తనంత వేగాన్ని ఎవరి పేరు మీదా రాయకూడదని. పైకి రౌండ్ చేస్తే అసలు టైమ్ కంటే తక్కువ టైమ్ ఎవరికీ పొరపాటున కూడా రాదు. నాకు ఇది న్యాయంగానే అనిపిస్తుంది, బాధగా ఉన్నా సరే.

రౌండ్ చేసిన కొలత చూసినప్పుడల్లా "అసలు విలువ తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత?" అని అడగడమే ఎగువ హద్దు, దిగువ హద్దు అనే పాఠం. ఇంగ్లండ్‌లో మన పదో తరగతి పరీక్ష లాంటి జీసీఎస్‌ఈ లెక్కల్లో ఇదొక అధ్యాయమే, అక్కడ స్థిరపడ్డ మన తెలుగు ఇళ్లలో పిల్లలు పదో తరగతి వయసులో దీంతో కుస్తీ పడుతుంటారు. మన దగ్గర ఇదే సంగతి ముక్కలుముక్కలుగా వస్తుంది. చిన్న తరగతుల్లో "దగ్గరి పదులకు సవరించండి" అని కొంచెం, ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజ్ పట్టుకున్నప్పుడు లీస్ట్ కౌంట్ (ఆ పరికరం కొలవగలిగే అతిచిన్న విలువ) పేరుతో మరికొంచెం. రెండూ ఒకటే సంగతి అని చెప్పేవాళ్లు తక్కువ.

మామూలు రౌండింగ్‌తో మొదలుపెడదాం. పెన్సిల్ పొడవు దగ్గరి మిల్లీమీటరుకి 7.3 సెం.మీ. అన్నారు. చాలామంది వెంటనే 7.2 నుంచి 7.4 అంటారు, అది తప్పు. 7.2 కి దగ్గరగా ఉంటే 7.2 అనే రాసేవాళ్లు కదా. రెండు గుర్తుల మధ్య సగం దాకా మాత్రమే 7.3 రాజ్యం, అంటే 7.25 నుంచి 7.35 దాకా. కొలతలో వాడిన అతిచిన్న మెట్టు ఎంతో చూసుకుని, అందులో సగం అటూ ఇటూ వేసుకోవడమే.

ఇక్కడే తెలివైన పిల్లలు చెయ్యెత్తుతారు. "7.35 ని రౌండ్ చేస్తే 7.4 వస్తుంది కదా, మరి అది 7.3 కి ఎగువ హద్దు ఎలా అవుతుంది? 7.34 అనాలి, లేదా 7.349 అనాలి." ఈ ప్రశ్నకి "రూల్ అంతే, రాసుకో" అనే జవాబు చెప్పి కూర్చోబెట్టేస్తుంటారు గానీ, ఇది చాలా మంచి ప్రశ్న. సరే, 7.349 అనే అనుకుందాం. 7.3495 దానికంటే పెద్దది, దాన్ని రౌండ్ చేసినా 7.3 యే వస్తుంది. మరి హద్దు దాటిపోయింది కదా. 7.3499 అందామా, 7.34995 ఉంది. మీరు ఎక్కడ ఆగినా దానికంటే కాస్త పెద్దది, ఇంకా 7.3 కిందికే వచ్చేది ఒకటి దొరుకుతూనే ఉంటుంది. 7.35 కంటే చిన్నవాటిల్లో "అన్నిటికన్నా పెద్ద సంఖ్య" అనేదే లేదు. చివర్లో తొమ్మిదులు అంతం లేకుండా రాసుకుంటూ పోతానంటే, అలా రాసిన సంఖ్య అచ్చంగా 7.35 యే, వేరే సంఖ్య కాదు. హద్దు అంటే పెన్సిల్ చేరుకునే పొడవని కాదు, ఏ పెన్సిలూ దాటలేని గీత అని. ఆ గీత దగ్గరికి ఎంత కావాలంటే అంత వెళ్లొచ్చు, దాని మీద నిలబడకపోయినా పర్వాలేదు.

ఇదంతా మాటల గారడీ అనిపిస్తే అలాంటి పెన్సిళ్లు వెయ్యి వరసగా పేర్చి చూడండి. హద్దు 7.349 అనుకుని 7349 సెం.మీ. పొడవున్న పట్టీ తెస్తే, ఒక్కోటి 7.3496 ఉన్న పెన్సిళ్లు దాంట్లో పట్టవు. 7350 తెస్తే ఎప్పుడూ పట్టేస్తాయి.

మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఈ గొడవ లేదు. పెళ్లికి వచ్చినవాళ్లు దగ్గరి వందకి 300 అంటే 250 నుంచి 349 దాకా. అర మనిషి ఉండడు కాబట్టి 349 దగ్గర నిజంగానే ఆగొచ్చు.

ఇప్పుడు అసలు తిరకాసుకి వద్దాం. హద్దులు అంకె మీద మాత్రమే ఆధారపడవు, ఆ అంకెని రాసినవాళ్లు ఎలా కత్తిరించారన్న దాని మీద ఆధారపడతాయి. 51.14 సెకన్లు అన్న టైమ్‌నే తీసుకోండి. బడి లెక్క ప్రకారం అది 51.135 నుంచి 51.145 దాకా. పరుగు పందెం వాళ్లు రాస్తే, వాళ్లు పైకి రౌండ్ చేస్తారు కాబట్టి, 51.13 దాటిన దగ్గర్నుంచి 51.14 దాకా. ఈత పోటీల వాళ్లు రాస్తే 51.14 నుంచి 51.15 లోపు, ఎందుకంటే ఈతలో మూడో దశాంశ స్థానాన్ని రికార్డు చేయరు, లెక్కలోకి తీసుకోరు, కోసేస్తారంతే. ఒకే అంకె, మూడు వేర్వేరు ఇళ్లు. మనం వయసు చెప్పేది కూడా ఈత పద్ధతిలోనే, పదిహేనేళ్లు నిండి పదకొండు నెలలైనా "పదిహేనే" అంటాం, ఎవరూ పదహారుకి రౌండ్ చేయరు. పెళ్లిచూపుల్లో తప్ప ఇంకెక్కడా దీని మీద వివాదం రాదనుకోండి.

అలా రౌండ్ చేసిన రెండు అంకెల్ని తీసివేస్తే ఏమవుతుంది? 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్, 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. పి.టి. ఉష 55.42, రొమేనియాకి చెందిన క్రిస్టియానా కొజొకారు 55.41. కాంస్యం ఆమెకి, నాలుగో స్థానం ఉషకి. నలభై ఏళ్లుగా "వందో వంతు" అని చెప్పుకుంటున్నాం. ఇద్దరి టైమ్‌లూ పైకి రౌండ్ చేసినవి అనుకుంటే కొజొకారు 55.40 నుంచి 55.41 మధ్య ఎక్కడో ఉంది, ఉష 55.41 నుంచి 55.42 మధ్య ఎక్కడో ఉంది. తేడా అన్నిటికన్నా ఎక్కువ ఉండాలంటే ఉషది పై చివర తీసుకోవాలి, కొజొకారుది కింది చివర తీసుకోవాలి, 55.42 లోంచి 55.40 తీసేస్తే వందో వంతుకి రెట్టింపు. తక్కువ ఉండాలంటే తిరగేయాలి, అప్పుడు తేడా సున్నాకి ఆనుకునేంత దగ్గరికి వస్తుంది. వాళ్ల వేగం సెకనుకి 7.2 మీటర్లు, కాబట్టి మధ్యలో దూరం వెంట్రుకవాసి నుంచి 14 సెంటీమీటర్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. కింది వైపు కత్తిరించినా, బడి పద్ధతిలో చేసినా, ఇద్దరికీ ఒకటే పద్ధతి వాడితే ఈ జవాబు మారదు. అందుకే ఇలాంటి చోట ఎవరు ముందన్నది టైమ్ పట్టిక చూసి తేల్చరు, ఫొటో ఫినిష్ చిత్రం చూసి తేలుస్తారు.

తీసివేతలో పై హద్దు కావాలంటే పెద్దదానిలోంచి చిన్నది, పైదాంట్లోంచి కిందది. పిల్లలు తరచూ పైదాంట్లోంచి పైదే తీసేస్తారు, ఎగువ హద్దు అడిగారు కదా అని అన్నీ ఎగువ హద్దులే వాడేస్తారు. మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. భాగహారంలోనూ ఇదే తంతు. హారం పెరిగితే జవాబు తగ్గుతుంది కాబట్టి, జవాబు పెద్దది కావాలంటే లవంలో పెద్దది, హారంలో చిన్నది వేయాలి.

ఒక లెక్క చేద్దాం. బడి గ్రౌండ్‌లో డ్రిల్ మాస్టారు టేపు పట్టి దగ్గరి మీటరుకి 100 మీటర్లు కొలిచి సున్నంతో గీత గీశారు. ఒక పిల్లాడు పరుగెత్తాడు, స్టాప్‌వాచ్ దగ్గరి పదో వంతుకి 14.2 సెకన్లు చూపించింది. వేగం ఎంత? కాలిక్యులేటర్ నొక్కితే 7.0422535 అని వస్తుంది, చూడ్డానికి ఎంత గంభీరంగా ఉందో. కానీ దూరం 99.5 నుంచి 100.5 మధ్య, సమయం 14.15 నుంచి 14.25 మధ్య. ఎక్కువలో ఎక్కువ వేగం 100.5 ని 14.15 తో భాగిస్తే 7.102. తక్కువలో తక్కువ 99.5 ని 14.25 తో భాగిస్తే 6.982. ఒక దశాంశ స్థానానికి రౌండ్ చేస్తే ఒకటి 7.1 అంటుంది, ఇంకోటి 7.0 అంటుంది, రెండూ కొట్టుకుంటున్నాయి. పూర్ణ సంఖ్యకి రౌండ్ చేస్తే రెండూ 7 అంటున్నాయి. కాబట్టి సెకనుకి 7 మీటర్లు అని ధైర్యంగా చెప్పొచ్చు, ఆ తర్వాతి అంకెలన్నీ కాలిక్యులేటర్ ఉత్సాహమే. జీసీఎస్‌ఈలో "తగినంత కచ్చితత్వంతో జవాబివ్వండి, కారణం రాయండి" అని అడిగేది సరిగ్గా ఇదే. రెండు హద్దులూ ఏ అంకె దాకా ఒప్పుకుంటే అక్కడిదాకా రాయడం. ఈ ఒక్క అలవాటు కోసమైనా ఈ పాఠం మన పదో తరగతి పుస్తకంలో ఉండాలంటాను నేను. మా ఇంజినీరింగ్ ల్యాబ్ రికార్డుల్లో ఎనిమిది దశాంశ స్థానాల జవాబులు ఎన్నో చూశాను, కొలిచింది మాత్రం చెక్క స్కేలుతో.

ఇక కచ్చితత్వం ఎక్కువై ఇబ్బంది తెచ్చిన సందర్భం ఒకటుంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల వ్యక్తిగత మెడ్లీ ఈత. స్వీడన్ ఈతగాడు గున్నార్ లార్సన్, అమెరికా ఈతగాడు టిమ్ మెక్కీ వందో వంతు దాకా సమానం. గడియారంలో మూడో అంకె చూశారు, లార్సన్ 4 నిమిషాల 31.981 సెకన్లు, మెక్కీ 31.983. స్వర్ణం లార్సన్‌కి. వాళ్ల వేగం సెకనుకి మీటరున్నర లోపు, 0.002 సెకన్లంటే నీళ్లలో 3 మిల్లీమీటర్లు. మరి కొలను ఎంత కచ్చితంగా కట్టారు? చాలాకాలం అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం 50 మీటర్ల కొలనులో ఒక్కో లేన్ 3 సెంటీమీటర్ల దాకా ఎక్కువ పొడవుండొచ్చు, తక్కువ మాత్రం ఉండకూడదు. 400 మీటర్లంటే ఆ పొడవుని ఎనిమిది సార్లు ఈదాలి, మొత్తం 24 సెంటీమీటర్ల తేడాకి అనుమతి ఉన్నట్టు. అది ఈదడానికి పట్టే సమయం 0.16 సెకన్లు, లార్సన్ గెలిచిన తేడాకి ఎనభై రెట్లు. గడియారం మిల్లీమీటర్లు లెక్కపెడుతుంటే గోడలు సెంటీమీటర్లలో కదులుతున్నాయన్నమాట. దీని తర్వాతే ఈతలో మూడో అంకెని పక్కనపెట్టారు. అందుకే 2016 రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో ఫెల్ప్స్, లెక్లోస్, చెహ్ ముగ్గురూ 51.14 తో గోడని తాకితే ముగ్గురికీ రజతం ఇచ్చి, కాంస్యం ఎవరికీ ఇవ్వలేదు.

హద్దుల గురించి బళ్లో చెప్పని మాట కూడా ఇదే. అవి రౌండింగ్ వల్ల వచ్చిన సందేహాన్ని మాత్రమే కొలుస్తాయి. కొలను పొడవు, టేపు సాగడం, బొటనవేలి ఆలస్యం వాటిలో ఉండవు. 1960 రోమ్‌లో మిల్ఖాసింగ్ 400 మీటర్ల ఫైనల్ చూడండి, చేతి గడియారంలో 45.6, ఎలక్ట్రానిక్ గడియారంలో 45.73. ఏ పద్ధతిలో రౌండ్ చేశారనుకున్నా 45.6 వెనక 45.7 దాటిన టైమ్ ఉండే వీల్లేదు. కానీ ఉంది. తుపాకీ పొగ చూసి వేలు నొక్కేలోపు మనిషికి కొంత సమయం పడుతుంది, గీత దగ్గర మాత్రం పరుగెత్తేవాడు వస్తుండడం ముందునుంచీ కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి అంత ఆలస్యం జరగదు. అందువల్ల చేతి టైమ్ సాధారణంగా కాస్త తక్కువే వస్తుంది. పాత చేతి టైమ్‌లని కొత్తవాటితో పోల్చేటప్పుడు గణాంకాల వాళ్లు 100 మీటర్లకైతే 0.24, 400 కైతే 0.14 కలుపుతారు. 45.6 కి 0.14 కలిపితే 45.74 వస్తుంది, మిల్ఖా అసలు టైమ్‌కి వందో వంతు పక్కన.