మైకు లేని నాటకం ఎలా వినపడింది?

పిల్లలూ,

మీలో ఒక అమ్మాయి నాకు ఇలా రాసింది: "తాతగారూ, మా స్కూల్ ఫంక్షన్‌లో మైకు పనిచేయకపోతే నాలుగో వరుసలో వాళ్లకే నా డైలాగు వినపడలేదు. మరి పాతకాలంలో వేలమంది ముందు నాటకాలు ఎలా వేశారు?"

బంగారం లాంటి ప్రశ్న. దీనికి జవాబు కళ్లారా చూడాలంటే గ్రీసు దేశంలో ఎపిడారస్‌కి వెళ్లాలి. ఏథెన్సులో పొద్దున్నే బస్సెక్కితే సుమారు రెండు గంటల దారి. మధ్యలో కొరింతు కాలువ వస్తుంది. రెండు సముద్రాలను కలపడానికి నేలను నిలువునా కోసి, ఆరు కిలోమీటర్లకు పైగా తవ్వి, 1893లో ఓడలను వదిలారు. వంతెన మీద నిలబడి కిందికి చూస్తే గుండె ఝల్లుమంటుంది. కానీ మన పని అక్కడ లేదు, పదండి.

ఎపిడారస్ అసలు ఆసుపత్రి లాంటి ఊరు. వైద్యానికి దేవుడు అస్క్లీపియస్ గుడి అక్కడే ఉండేది. జబ్బుపడినవాళ్లు దూరదూరాల నుంచి వచ్చి ఒక పొడవాటి మండపంలో రాత్రి పడుకునేవాళ్లు. కలలో దేవుడు కనపడి నయం చేస్తాడనీ, మందు చెబుతాడనీ నమ్మకం. నయమైనవాళ్ల కథలు చెక్కించిన రాళ్లు తవ్వకాల్లో దొరికాయి. ఆ దేవుడి ఉత్సవాల్లో ఆటలు, పాటలు, నాటకాలు ఉండేవి. అందుకే గుడికి దగ్గర్లోనే, కొండవాలులో, క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో నాటకశాల కట్టారు. కింద గుండ్రటి మట్టి నేల, దాని చుట్టూ విసనకర్ర విప్పినట్టు పైకి పోయే సున్నపురాతి మెట్లు. మొదట 34 వరుసలు, తర్వాత పైన మరో 21 వరుసలు. పదమూడు, పద్నాలుగు వేలమంది కూర్చోవచ్చు. తరవాతి కాలంలో మట్టి కప్పేసింది. 1881లో తవ్వకాలు మొదలయ్యాక మళ్లీ బయటపడింది.

మీ ఇంట్లో చేట ఉందా? లేకపోతే అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి చూడండి. వెనక ఎత్తుగా, పక్కలు వంపుగా, ముందు తెరిచి ఉంటుంది. నా చిన్నప్పుడు మా నాయనమ్మ వాకిట్లో కూర్చుని బియ్యం చెరిగేది. చేటను ఒక్కసారి పైకి ఎగరేసి పట్టేది. పొట్టు ముందుకు ఎగిరిపోయేది, గింజ వెనక్కి జారి చేటలోనే ఉండేది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పని అయ్యాక రాత్రి నన్ను చంకనేసుకుని పద్యనాటకానికి తీసుకెళ్లేది. పెట్రోమాక్స్ లైటు వెలుగులో, మైకు లేకుండానే, రాగం తీస్తే ఊరి చివర చెరువుగట్టు దాకా వినపడే గొంతులవి.

ఎపిడారస్ మెట్లు కూడా చెరుగుతాయి. జనం గొణుగుడు, చెట్లలో గాలి హోరు ఎక్కువగా బరువైన, మందమైన శబ్దాలు. అవి పొట్టు. నటుడి మాటలో స్పష్టంగా వినపడే సన్నని శబ్దాలు గింజలు. అమెరికాలోని జార్జియా టెక్ శాస్త్రజ్ఞులు 2007లో చెప్పిందేమిటంటే, వరుసలు వరుసలుగా ఉన్న ఆ రాతి మెట్లు మందమైన శబ్దాన్ని అణిచేసి, సన్నని శబ్దాన్ని తిప్పి కూర్చున్నవాళ్ల వైపు పంపుతాయి. మాటలోని మందమైన భాగం కూడా కొంత పోతుంది కదా అంటారా? ఆ లోటును మన మెదడే పూరించుకుంటుంది.

అయితే చేట తనంతట తాను చెరగదు. చెరిగే చెయ్యి ఉండాలి, అందులో గింజలు పోయాలి. అక్కడికి వెళ్తే, మధ్యలో నాణెం జారవిడిచినా చివరి వరుసకు వినపడుతుందని గైడ్లు చెబుతారు. 2017లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయం వాళ్లు పరికరాలతో కొలిచారు. గుసగుస ముందు వరుసల్లోనే అర్థమవుతుందట. పై వరుసలకు మాట చేరాలంటే నటుడు గొంతెత్తి పలకాల్సిందే. నాకీ సంగతి ఎంతో నచ్చింది. రాయి సగం పని చేస్తే, సాధన చేసిన గొంతు మిగతా సగం చేసింది. వినేవాళ్లు నిశ్శబ్దంగా కూర్చోవడం కూడా అందులో భాగమే. కాబట్టి అమ్మాయీ, నీ డైలాగు రోజూ పెరట్లో నిలబడి అక్షరం అక్షరం విప్పి పలుకు.

ఎపిడారస్ నుంచి నాఫ్‌ప్లియో అనే సముద్రతీరపు ఊరు అరగంట దూరం. సాయంత్రం అక్కడే గడపాలి. స్వతంత్ర గ్రీసుకు మొదటి రాజధాని అదే, 1834లో ఏథెన్సుకు మారింది. కొండ మీద వెనిస్ వాళ్లు కట్టిన పాలమిడి కోట, నీళ్ల మధ్యలో చిన్న బూర్ట్‌జి కోట. సన్నటి సందుల్లో డాబాల మీంచి కాగితంపూల తీగలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. రేవులో బెంచీ మీద కూర్చుని వేయించిన చేపలు తినండి, కోట మెట్లు కాళ్లు నొప్పి పుట్టేదాకా ఎక్కండి.

గ్రీసు దూరమైతే దిగులు పడకండి. పల్నాడులో, నాగార్జునసాగర్ దగ్గర అనుపు ఉంది. సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలంలో, వాళ్ల రాజధాని విజయపురిలో కట్టిన మెట్ల ప్రదర్శనశాలను సాగర్ ఆనకట్ట నీళ్లలో మునిగిపోకుండా తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు. సెలవుల్లో అమ్మానాన్నలతో వెళ్లండి. ఒకరు కింద మధ్యలో నిలబడండి, మిగతావాళ్లు వేరువేరు మెట్ల మీద కూర్చోండి. ఒకే వాక్యాన్ని ముందు గుసగుసగా, తర్వాత మామూలుగా, ఆ తర్వాత గొంతెత్తి చెప్పండి. ఏది ఏ మెట్టు దాకా వినపడిందో కాగితం మీద రాసుకుని నాకు పంపండి.

మీ తాతయ్య