ప్లేగు క్రిమి వేసే కర్చీఫ్

ప్లేగు క్రిమి ఒంట్లో పడితే తెల్ల రక్తకణాలు చూస్తూ ఊరుకుంటాయా అని ఒక పాఠకుడు అడిగారు. ఊరుకోవు. కాకపోతే ఆ క్రిమే వాటి నోరు నొక్కేస్తుంది. నొక్కే పద్ధతి మహా ముచ్చటగా ఉంటుంది.

1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ అనే శాస్త్రవేత్త గుర్తించిన ఈ బ్యాక్టీరియా పేరు యెర్సీనియా పెస్టిస్. క్రిముల్ని మింగే తెల్ల రక్తకణమైన మాక్రోఫేజ్‌కి తగలగానే, తన ఒంటిమీది సన్నటి సూదుల్లోంచి కొన్ని ప్రొటీన్లను నేరుగా అందులోకి ఎక్కిస్తుంది. వాటిలో యాప్‌జే ఒకటి.

శత్రువును పసిగట్టిన మాక్రోఫేజ్‌లో ఒక ఎంజైమ్ పక్కదానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, అది ఆ పక్కదానికి. అలా కబురు కేంద్రకం దాకా వెళ్తుంది. ఈ వరసలో ఎంకేకే6 అనే ఎంజైమ్ ఉంది. పండగ రద్దీలో ఆర్టీసీ బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతాం కదా, యాప్‌జే చేసేది అదే. ఎంకేకే6లో సెరీన్, థ్రియోనీన్ అనే అమైనో ఆమ్లాలే రెండు సీట్లు. రెండింట్లోనూ ఫాస్ఫేట్ కూర్చుంటే గానీ బండి కదలదు. యాప్‌జే వాటి మీద అసిటైల్ అనే చిన్న రసాయన ముక్కని కర్చీఫ్‌లా పరుస్తుంది. సీటు చిరగలేదు, ఇంజన్ చెడలేదు, ఫాస్ఫేట్‌కి మాత్రం చోటు లేదు. కర్చీఫ్‌నే ప్రయాణికుడనుకుని డ్రైవరు బండి తీయొచ్చుగా? తీయడు. ఫాస్ఫేట్‌కుండే రుణావేశం వల్లే ఎంజైమ్ ఆకారం మారి పని మొదలవుతుంది. అసిటైల్‌కి ఆ ఆవేశం లేదు. పైగా కర్చీఫ్ మన జేబులోదే, కణంలో మామూలుగానే ఉండే అసిటైల్ కోఎంజైమ్-ఎ అనే అణువు నుంచి తీసుకున్నది! 2006 దాకా యాప్‌జే ప్రొటీన్లను కోసే ఎంజైమ్ అనుకునేవారు.

ఇంకో తమాషా. మన కణాల్లో దొరికే ఇనోసిటాల్ హెక్సాకిస్‌ఫాస్ఫేట్ అనే చిన్న అణువు అంటుకుంటేనే యాప్‌జే పనిచేస్తుంది. బ్యాక్టీరియాలో అది ఉండదు కాబట్టి సొంతింట్లో అల్లరి చేయదు.

జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లా మరీ మొరటు. దాని ఆస్ప్‌ఎఫ్ ప్రొటీన్, కబురు వరసలో ఎంకేకే6 తర్వాతి బస్సులైన మ్యాప్ కైనేజ్ ఎంజైమ్‌ల్లో కూర్చున్న ఫాస్ఫేట్‌ని సీటుతో సహా పీకేస్తుంది. థ్రియోనీన్ మీది ఆక్సిజన్ కూడా పోతుంది గనక మళ్లీ ఎవరూ కూర్చోలేరు.

కషాయంతో ఇమ్యూనిటీ పెంచేస్తామనే వాళ్లను ఇందులో ఏ సీటు పెంచుతారో అడగాలనిపిస్తుంది.

కణం కూడా తక్కువదేం కాదు. యాప్‌జే అదే కబురు వరసలోని టాక్1 అనే ఎంజైమ్‌నీ అడ్డుకుంటుంది. కబురు ఆగిపోవడాన్నే మాక్రోఫేజ్ ప్రమాదంగా లెక్కేస్తుంది. రిప్‌కే1, క్యాస్పేజ్-8 అనే ఎంజైమ్‌ల ద్వారా గాస్‌డెర్మిన్-డి అనే ప్రొటీన్ తెగి, దాంతో కణం పొరకు చిల్లులు పడి కణం పగులుతుంది, చుట్టుపక్కల కణాలకు విషయం తెలిసిపోతుంది. రిప్‌కే1 చురుకు తీసేసిన ఎలుకలు, ప్లేగు క్రిమి దాయాది యెర్సీనియా సూడోట్యూబర్‌క్యులోసిస్ సోకితే తట్టుకోలేకపోయాయి.