బస్సుకు నిబంధనలు వచ్చాయి, దారికి రాలేదు

తెలుగు రాష్ట్రాల్లో విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. బడులు తెరిచేలోగా మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. ఆ నెల రోజులూ రవాణా శాఖ కార్యాలయాల ఆవరణల్లో ఎటు చూసినా పసుపు బస్సులే. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) వచ్చి బ్రేకులు, టైర్లు, వైపర్లు చూస్తారు. అత్యవసర ద్వారం తెరిపిస్తారు. ప్రథమ చికిత్స పెట్టె మూత ఎత్తుతారు (పెట్టె ఉంటుంది, దూది ఉందా లేదా అన్నదే ప్రశ్న). జూన్‌లో రోడ్ల మీద తనిఖీలు, కేసులు, సీజ్ చేసిన బస్సుల ఫొటోలు. దసరా సెలవుల నాటికి ఆ ఊసే ఉండదు.

ఈ తంతు ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వెళ్తే ఒకటి అర్థమవుతుంది. పెద్ద నిబంధనలన్నీ ఏదో ఒక ఘోరం తర్వాత వచ్చినవే. వాటిలో ఎక్కువ భాగం బండి గురించే. పిల్లలు గడప దాటినప్పటి నుంచి మళ్లీ ఇంటికి చేరేదాకా నడిచే దారి గురించి మనం రాసుకున్నది చాలా తక్కువ.

పసుపు రంగు మాత్రం అమెరికా నుంచి వచ్చింది. 1939లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ సైర్ అనే ఆచార్యుడు బడి బస్సులకు ఉమ్మడి ప్రమాణాలు ఖాయం చేయడానికి ఒక సమావేశం పెట్టారు. తెల్లవారుజామున వెలుతురు సరిగా లేనప్పుడు కూడా ఈ రంగు మీద నల్లక్షరాలు స్పష్టంగా కనబడతాయని దాన్ని ఎంచుకున్నారు. అక్కడ బస్సు ఆగి ఎర్రలైట్లు వెలిగిస్తే వెనక వచ్చే బళ్లే కాదు, మామూలు రోడ్డు మీదైతే ఎదురొచ్చేవీ ఆగాల్సిందే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లు కొత్తగా కారు నడపడం మొదలుపెట్టినప్పుడు ముందుగా భయపడేది ఈ నియమానికే. మనం రంగు తెచ్చుకున్నాం, ఆగే అలవాటు తెచ్చుకోలేదు. ఇక్కడ బస్సు ఆగిందంటే వెనకాయన హారన్ కొట్టి పక్కనుంచి దూసుకుపోతాడు, సరిగ్గా పిల్లలు దిగే సమయానికి.

మన దేశంలో ఈ నిబంధనలకు మూలం 1997 నవంబరు 18. ఆ ఉదయం ఢిల్లీలో పిల్లలతో కిక్కిరిసిన బడి బస్సు వజీరాబాద్ వంతెన మీద నుంచి యమునలో పడింది. 28 మంది పిల్లలు చనిపోయారు. అప్పటికే సుప్రీంకోర్టులో పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా ఢిల్లీ వాహనాల కాలుష్యం మీద వేసిన కేసు నడుస్తోంది. ఆ నెలా, ఆ తర్వాతి నెలా అందులోనే ఆదేశాలు వచ్చాయి. బస్సుకు పసుపు రంగు వేయాలి. ముందూ వెనకా ‘స్కూల్ బస్’ అని రాయాలి, అద్దె బస్సైతే ‘ఆన్ స్కూల్ డ్యూటీ’ అని పెట్టాలి. కిటికీలకు అడ్డకడ్డీలు, వేగం హద్దు దాటనివ్వని స్పీడ్ గవర్నర్, మంటలార్పే సిలిండరు, బడి పేరు, ఫోన్ నంబరు, సంచులు పెట్టుకోవడానికి సీట్ల కింద చోటు, పిల్లల్ని చూసుకునే సహాయకుడు ఉండాలి. డ్రైవరుకు భారీ వాహనాలు నడిపిన అనుభవం కనీసం అయిదేళ్లు ఉండాలి. ఇవాళ ఏ పల్లెటూరి బస్సును చూసినా కనిపించే హంగులన్నీ ఈ ఆదేశాల చలవే.

సరిగ్గా ఆ దశకంలోనే మన పల్లెల్లో బడి దూరమైంది. అంతకు ముందు ఊరి బడికి నడిచి వెళ్లేవాళ్లు, హైస్కూలుకు పక్కూరికి పొలాల గట్ల మీదుగానో, ఆర్టీసీ బస్సు పాసుతోనో పోయేవాళ్లు. ఇంగ్లిష్ మీడియం మోజుతో మండల కేంద్రాల్లో కాన్వెంట్లు, టెక్నో స్కూళ్లు మొలిచాయి. పిల్లల కోసం ఊరూరికీ బస్సు పంపడం వాటి మధ్య పోటీగా మారింది. ఒక్క బస్సే నాలుగైదు ఊళ్లు చుట్టి రావాలి, మొదటి గంట కొట్టేసరికి గేటు దగ్గర ఉండాలి. ఆ హడావుడిలో వేగం ఎక్కడ పెరుగుతుందో చెప్పనక్కర్లేదు.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర జరిగింది అలాంటి బస్సుకే. తెలంగాణ ఏర్పడి ఇంకా రెండు నెలలు కాలేదు. చుట్టుపక్కల ఊళ్లలో పిల్లల్ని ఎక్కించుకుని తూప్రాన్ వెళ్తున్న బస్సు కాపలా లేని రైల్వే క్రాసింగ్ దాటబోయింది. నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ వచ్చి ఢీకొట్టింది. పిల్లలు పదిమందికి పైగా చనిపోయారు. డ్రైవరూ పోయాడు. కొన్ని ఇళ్లలో తోబుట్టువులిద్దరూ అదే బస్సులో ఉన్నారు. రోజూ వచ్చే డ్రైవరు ఆ రోజు రాలేదని, బదులు వచ్చినతను ఫోన్‌లో మాట్లాడుతున్నాడని పత్రికలు రాశాయి.

డ్రైవరును తప్పుపట్టడం తేలికే, చట్టమూ అదే దారి చూపింది. 1988 మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ ప్రకారం కాపలా లేని క్రాసింగ్ దగ్గర బండి ఆపాలి. క్లీనరో సహాయకుడో దిగి పట్టాల దాకా నడిచి వెళ్లి అటూ ఇటూ చూసి సైగ చేయాలి. అతను లేకపోతే డ్రైవరే దిగాలి. ఆలస్యమైతే మాట పడే డ్రైవరు పొద్దున్నే రోజూ దిగి చూసి వస్తాడని నమ్మి, పట్టాల మీద గేటు పెట్టకుండా దశాబ్దాలు నెట్టుకొచ్చారు. 2012లోనే రైల్వే భద్రత మీద వేసిన అనిల్ కాకోద్కర్ కమిటీ లెవల్ క్రాసింగులన్నిటినీ అయిదేళ్లలో తీసేయమంది. పని నత్తనడక నడిచింది. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్‌లో ఇలాంటి క్రాసింగ్ దగ్గరే బడి వ్యాన్‌ను రైలు ఢీకొట్టి 13 మంది పిల్లలు చనిపోయాక గానీ వేగం పుంజుకోలేదు. 2019 జనవరి ఆఖరికి బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని క్రాసింగులు లేకుండా చేశామని రైల్వే ప్రకటించింది. నా లెక్కలో ఈ మొత్తం కథలో దారిని బాగుచేసిన పెద్ద మార్పు ఇదొక్కటే. బస్సుకు ఎన్ని హంగులు తగిలించినా మాసాయిపేట ఆగేది కాదు, గేటుంటే ఆగేది.

బస్సు ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలకు ఆటోయే దిక్కు. పన్నెండేళ్లలోపు పిల్లలైతే సీట్ల లెక్కకు ఒకటిన్నర రెట్ల దాకా ఎక్కించుకోవచ్చని ఒక వెసులుబాటు ఉంది. ఆ లెక్కను ఎవరూ పట్టించుకోరు. డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక ఒకరి ఒళ్లో ఒకరు, బయట కొక్కేలకు వేలాడే సంచులు. 2023 నవంబరు 22న విశాఖలో సంగం–శరత్ కూడలి దగ్గర పిల్లలతో వెళ్తున్న ఆటో లారీని గుద్దుకుంది. పిల్లలు రోడ్డు మీదికి ఎగిరిపడటం సీసీ కెమెరాలో రికార్డయి దేశమంతా చూసింది. అప్పుడూ కొన్నాళ్లు ఆటోల తనిఖీలు జరిగాయి. ఇక నాన్న బండి మీద ముందు నిలబడి వెళ్లే చిన్నపిల్లల సంగతి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లలకు హెల్మెట్, పిల్లల్ని నడిపేవాళ్లతో కలిపి కట్టే బెల్టు, 40 కిలోమీటర్లకు మించని వేగం 2023 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. ఆ బెల్టును మీ ఊళ్లో ఎవరైనా కట్టగా చూశారా?

నడిచి వెళ్లే పిల్లల గొడవ బయటికొచ్చింది 2022లో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 117తో ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపలి హైస్కూళ్లలో కలపడానికి పూనుకుంది. కాగితం మీద కిలోమీటరు పెద్ద దూరం కాదు, విద్యాహక్కు చట్టం కింద నియమాలూ చిన్న తరగతుల బడికి అంత దూరం ఒప్పుకుంటాయి. తల్లిదండ్రులు రోడ్డెక్కింది దూరం గురించి మాత్రమే కాదు, మధ్యలో ఉన్న హైవే గురించి, వాగు గురించి. ఎనిమిదేళ్ల పిల్ల లారీల మధ్య రోడ్డెలా దాటుతుందని అడిగారు. 2025లో ఆ జీవోను రద్దు చేశారు.

దూరపు ఆవాసాల పిల్లలకు సమగ్ర శిక్ష పథకం ఏడాదికి రూ. 6,000 దాకా రవాణా భత్యం ఇస్తుంది, అంటే బడి నడిచే పది నెలలకు నెలకు 600. రోడ్డు దాటించే మనిషికి గానీ, వాగు మీద చప్టాకు గానీ అందులోంచి పైసా రాదు. ఆ 600 చాలావరకు చేరేది, మే నెలలో ఏ ఎంవీఐ ముందూ నిలబడని ఆటోకే.