బాల్కనీ సోలార్‌కు ప్లగ్ పాయింట్: అపోహలు - వాస్తవాలు

నేను జర్మనీలో ఎలక్ట్రికల్ పని చేస్తుంటాను. ఇక్కడ ఫ్లాట్ బాల్కనీకి రెండు ప్యానెళ్లు బిగించి, ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే చిన్న ఇన్వర్టర్ వైరును గోడ సాకెట్‌లో పెట్టేసుకుంటారు. 2024 మే నుంచి ఇన్వర్టర్ పరిమితి 600 వాట్ల నుంచి 800కు పెరిగింది. ఇక్కడి తెలుగువాళ్లు ఏ కంపెనీ ప్యానెల్ కొనాలని అడుగుతారు గానీ, సాకెట్ గురించి అడిగేవాళ్లు తక్కువ. ముందు చూడాల్సింది అదే.

అపోహ: ఎంసీబీ (కరెంటు మోతాదు దాటితే లైన్ కట్ చేసే స్విచ్) ఉందిగా, వైరు వేడెక్కదు.

వాస్తవం: ఎంసీబీ తన గుండా వెళ్లే కరెంటునే చూస్తుంది. అదే లైన్ మధ్యలో సోలార్ కలిపితే, ఆ కరెంటు దాని కంటపడదు. 800 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 3.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల లైన్‌లో, సోలార్ కలిసిన చోటు దాటాక ఉన్న సాకెట్లలో హీటర్, కెటిల్ కలిసి నడిచాయనుకోండి. మెయిన్ బోర్డు నుంచి 16, సోలార్ నుంచి 3.5, మొత్తం 19.5 ఆంపియర్లు ఆ వైరు మీద పడినా ఎంసీబీ ట్రిప్ కాదు. మంచి రాగి వైరింగ్ ఉన్న ఇంట్లో ఒక్క సెట్ అయితే సాధారణంగా తట్టుకుంటుంది. నాకు టెన్షన్ అంతా పాత ఇళ్లతోనే: అల్యూమినియం వైర్లు, వదులైన టెర్మినళ్లు. 1973కు ముందు వైరింగ్ చేసిన కొన్ని ఇళ్లలో ఎర్త్‌కు విడి వైరు ఉండదు, న్యూట్రల్‌నే ఎర్త్‌గా వాడేవారు. అలాంటి సాకెట్‌కు సోలార్ అసలు కలపను.

వీలైతే మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక లైన్ లాగించండి. దాని మీద సోలార్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. సొంత ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ కట్ చేసి షాక్ నుంచి కాపాడే స్విచ్) పెట్టాలి. ఆర్‌సీసీబీ ఏ టైప్‌దో ఇన్వర్టర్ మాన్యువల్ చూసి ఎంచుకోవాలి. బాల్కనీలో సాకెట్ అయితే మూత ఉన్న, నీటి తుంపర్లు తట్టుకునే ఐపీ44 రకం తీసుకోండి. ఇదంతా రిజిస్టరైన ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని, మీరు చేయకండి.

అపోహ: సాకెట్ దూరమైతే ఎక్స్‌టెన్షన్ బోర్డు చాలు.

వాస్తవం: వద్దు. ఎండ ఉన్నంతసేపూ గంటల తరబడి కరెంటు పారుతుంది. వదులైన పిన్నుల దగ్గర వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. అదే బోర్డులో ఇంకో వస్తువు పెడితే మరీ ప్రమాదం.

అపోహ: ప్లగ్ పీకితే పిన్నులు షాక్ కొడతాయి.

వాస్తవం: ప్రమాణాల ప్రకారం తయారైన ఇన్వర్టర్ గ్రిడ్ కరెంటు కనబడకపోతే 0.2 సెకన్లలో ఆగిపోతుంది. అందుకే సర్టిఫికెట్ లేని చౌక ఇన్వర్టర్ కొనొద్దంటాను. కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగేది దీనివల్లే. లైన్ మీద పనిచేసే మనిషి ప్రాణం కాపాడేది ఇదే.

అపోహ: రెండు గదుల్లో రెండు 800 వాట్ల సెట్లు పెట్టుకోవచ్చు.

వాస్తవం: పరిమితి సాకెట్‌కు కాదు, మీ మీటర్‌కు.

అపోహ: ఇదే సెట్ హైదరాబాద్‌లో అమ్మవాళ్ల ఇంట్లోనూ గుచ్చేయొచ్చు.

వాస్తవం: మన దగ్గర గ్రిడ్‌కు కలిపే సోలార్‌కు డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) అనుమతి, వచ్చే పోయే యూనిట్లను విడిగా లెక్కేసే నెట్ మీటర్ కావాలి. పైగా, బయటికి వెళ్లే యూనిట్లను కూడా వాడకంగానే లెక్కేసే మీటర్లున్నాయి. అలాంటి ఇంట్లో బిల్లు తగ్గకపోగా పెరుగుతుంది.