కీష్‌లోకి ఏం నంజుకోవాలి?

మొదటిసారి ఇంట్లో కీష్ అనే ఫ్రెంచ్ వంటకం చేసిన రాత్రి దాని పక్కన వెల్లుల్లి బ్రెడ్డూ, వెన్నలో వేయించిన బంగాళాదుంపలూ పెట్టాను. పాలకూర కీష్ చక్కగా కుదిరింది. అంచు కరకరలాడుతోంది, లోపల గట్టి పెరుగులా మెత్తగా ఉంది. అయినా నలుగురం సగం ముక్క తినేసరికి ఆగిపోయాం. తెనాలి నుంచి బెంగళూరు వచ్చి మా దగ్గర ఉంటున్న అమ్మ పళ్ళెం కాస్త పక్కకు జరిపి, "బాగానే ఉందే, కానీ వెగటుగా ఉంది. నంజుకోడానికి ఏమీ లేదా?" అంది.

వెగటు, నంజుకోవడం. ఈ రెండు మాటలూ పట్టుకుని వెళితే కీష్ పక్కన ఏం పెట్టాలో చాలావరకు తేలిపోతుంది.

ముందు కీష్ సంగతి. ఫ్రాన్స్‌లో ఈశాన్యాన ఉన్న లొరేన్ ప్రాంతం వంటకం ఇది. కేకుకి జర్మన్లు వాడే 'కూహెన్' అనే మాట నుంచే ఆ పేరు పుట్టిందంటారు. మైదాలో వెన్న కలిపిన పిండిని పళ్ళెంలా పరిచి, గుడ్లూ క్రీమూ గిలక్కొట్టి అందులో పోసి, ఓవెన్‌లో పెడతారు. గుడ్డులోని ప్రోటీన్లు మామూలుగా ఉండచుట్టుకుని ఉంటాయి. వేడి తగలగానే విప్పుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. నీరూ కొవ్వు బిందువులూ ఆ వలలో చిక్కుకుంటాయి. ఒట్టి తెల్లసొన 62 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది కానీ, క్రీము కలిపి పలచన చేశాక ఆ పని జరగడానికి 80 డిగ్రీల దాకా వెళ్ళాలి. 85 దాటితే వల బిగుసుకుపోయి నీళ్ళు కక్కేస్తుంది, కీష్ విరిగిన పాలలా అవుతుంది.

ఇక కొవ్వు లెక్క. నేను వాడింది 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్ 300 మిల్లీలీటర్లు, వెన్న 100 గ్రాములు, చీజ్ 100 గ్రాములు, 3 గుడ్లు. అన్నీ కలిపితే దాదాపు 200 గ్రాముల కొవ్వు. ఆరు ముక్కలు చేస్తే ముక్కకి 33 గ్రాములు, అంటే ఆరేడు చెంచాల నెయ్యి! ఆ కొవ్వు నాలుక మీదా అంగిలి మీదా పల్చటి పొరలా పరుచుకుంటుంది. మొదటి ముద్దకి కమ్మగా ఉంటుంది. ముద్ద మీద ముద్ద పడేకొద్దీ పొర మీద పొర చేరుతుంది. దానికే మనవాళ్ళు వెగటు అని పేరు పెట్టారు.

దానికి తోడు ఇంకొకటి ఉంది, మొహం మొత్తడం. 1981లో బార్బరా రోల్స్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు దీన్ని ప్రయోగం చేసి చూపించారు. ఒకే పదార్థాన్ని కడుపునిండా తిన్నవాళ్ళకి దాని మీద ఇష్టం బాగా తగ్గిపోయింది, తినని పదార్థాల మీద మాత్రం పెద్దగా తగ్గలేదు. కడుపు నిండడం వేరు, ఒక రుచితో విసుగు రావడం వేరు. విందులో పీకలదాకా తిన్నాక కూడా కిళ్ళీకి చోటు దొరికేది ఇందుకే. మైదా అంచున్న కీష్ పక్కన నేను బ్రెడ్డు పెట్టాను, వెన్న నిండిన కీష్ పక్కన వెన్నలో వేగిన దుంపలు పెట్టాను. మూడు గిన్నెల్లో ఉన్నా అది ఒకటే వంటకం. పళ్ళెంలో ఇంకో రుచి లేదు, నంజుకోవడం అనే మాటకి అక్కడ అర్థమే లేదు.

మరి వెగటుకి విరుగుడేమిటి? నా మటుకు నేను మొదటి స్థానం వగరుకే ఇస్తాను.

ఉగాది పచ్చడి పుణ్యమా అని వగరు మనకి ఆరు రుచుల్లో ఒకటి. శాస్త్రవేత్తలు మాత్రం దాన్ని ఎక్కువగా స్పర్శ కింద లెక్కవేస్తారు. లాలాజలంలో జారుడుగా ఉండే ప్రోటీన్లు ఉంటాయి. లేత జామకాయలో, నేరేడుపండులో, టీలో ఉండే టానిన్లు అనే పదార్థాలు వాటిని పట్టుకుని ముద్దకట్టిస్తాయి. జారుడు పోయి నోట్లో రాపిడి పెరుగుతుంది, నాలుక పిడచకట్టినట్టు అవుతుంది. కొవ్వు చేసేది సరిగ్గా దీనికి ఎదురు, అది జారుడు పెంచుతుంది. అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయం, మొనెల్ సెంటర్‌లలో పనిచేసే పాల్ బ్రెస్లిన్ బృందం 2012లో ఈ రెండింటినీ ముఖాముఖి నిలబెట్టింది. కొద్దిపాటి వగరున్న ద్రవమే అయినా గుక్క గుక్కకీ వగరు పెరుగుతూ పోయింది. కొవ్వున్న మాంసం ముక్కలు తింటూ మధ్యమధ్యలో ఆ ద్రవం తాగితే నోట్లో జిడ్డు తగ్గింది. మంచినీళ్ళు తాగితే అంతగా తగ్గలేదు. ఒకటి నోటిని జారుడు వైపు లాగితే ఇంకొకటి గరుకు వైపు లాగుతుంది, మధ్యలో నోరు కుదుటపడుతుంది.

అది చదివాక నాకు తట్టింది అరటిపువ్వు. బెంగళూరులో దీన్ని బాళె హూవు అంటారు, గాంధీ బజార్ వైపు వెళ్ళినప్పుడు తెచ్చుకుంటాను. ఎర్రటి డొప్పలు ఒక్కొక్కటే విప్పి, లోపల వరసగా ఉన్న పూలు తీసి, ఒక్కో పువ్వులోంచి గట్టి కాడనీ పలుచటి రెక్కనీ లాగేయాలి. చేతికి నూనె రాసుకోకపోతే వేళ్ళు నల్లబడతాయి. తరిగిన క్షణం నుంచీ ముక్కలు కూడా నల్లబడుతుంటాయి, గాలి తగిలి అందులోని ఎంజైము పనిచేయడం వల్ల. పులుపు తగిలితే ఆ ఎంజైము మందగిస్తుంది. అమ్మ ఎప్పుడూ ముక్కల్ని మజ్జిగలోనే వేస్తుంది. మజ్జిగలోని పాల ప్రోటీన్లు టానిన్లని కొంత పట్టేసుకుంటాయి కాబట్టి వగరు తగ్గుతుంది. అన్నంలోకి అదే కావాలి. కీష్‌లోకి మాత్రం నాకు ఆ వగరు కాస్త మిగలాలి, అందుకని నిమ్మకాయ పిండిన నీళ్ళలో వేశాను. "అదేంటే, వగరు పోదు కదా" అని అమ్మ అడ్డుపడింది. పోకూడదనే అమ్మా అని ఎందుకో చెప్పాను.

ఆ కూరకి ఆవ పెట్టింది మాత్రం అమ్మే. ఫ్రాన్స్‌లో కీష్ పక్కన పచ్చి ఆకుల సలాడ్ పెట్టుకుంటారు. దాని మీద పోసే పులుసులో నూనె, వెనిగర్‌తో పాటు చాలామంది ఆవముద్ద కూడా కలుపుతారు. మన ఆవపెట్టిన కూరకి అది దగ్గరి చుట్టమే. ఆవగింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. గింజ నలిగి నీళ్ళు తగిలినప్పుడు, అప్పటిదాకా వేరువేరు గదుల్లో ఉన్న ఎంజైమూ ముడిసరుకూ కలిసి ఘాటు తయారవుతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలకి ముక్కులోకెక్కే ఆ ఘాటు రాదు, వేడికి ఎంజైము చచ్చిపోతుంది. అందుకే ఆవ ఎప్పుడూ స్టవ్ మీంచి దించి, కూర చల్లారాకే కలపాలి. ఆ ఘాటు ముక్కుదాకా వెళ్ళి కొద్ది క్షణాల్లో పోతుంది. ఆవకాయ కారం అలా కాదు, నోట్లో నిలబడిపోతుంది, పైగా ఉప్పెక్కువ. చీజులో ఉప్పు ఎలాగూ ఉంది. కీష్‌లోని సున్నితమైన క్రీము రుచి ఆవకాయ కింద నలిగిపోతుందని నా అభిప్రాయం.

పులుపూ కరకరా కోసం కోసంబరి. శ్రీరామనవమికి మనం చేసే వడపప్పే, కీరా, క్యారెట్ తురుము, నిమ్మరసం కలిపి ఈ ఊళ్ళో ఏడాది పొడుగునా చేసుకుంటారు. లాలాజలం బాగా ఊరించేది పులుపే, అది ఊరితే జిడ్డు పొర కొట్టుకుపోతుంది. కీరా ముక్క కణాల్లో నీళ్ళు బిగువుగా నిండి ఉంటాయి, కొరికినప్పుడు అవి పగిలిన చప్పుడే కరకర. ఆ చప్పుడు రుచిలో భాగం. ఆక్స్‌ఫర్డ్‌లో జాంపినీ, స్పెన్స్ అనే పరిశోధకులు 2004లో చిప్స్ నమిలే చప్పుడుని పెంచి తినేవాళ్ళ చెవుల్లోకే పంపిస్తే, అవే చిప్స్ మరింత కరకరలాడుతున్నాయనీ తాజాగా ఉన్నాయనీ తిన్నవాళ్ళు చెప్పారు. ఉప్పు ముందే కలిపితే ఆ బిగువంతా పోతుంది. ఉప్పు కణాల్లోంచి నీళ్ళు లాగేస్తుంది, కోసంబరి మెత్తబడి అడుగున నీళ్ళు చేరతాయి, ఆ నీళ్ళు పళ్ళెంలో పారి కీష్ అంచు తడుస్తుంది. కీష్ కోసి వడ్డించాకే నేను ఉప్పు చల్లుతాను.

క్యారెట్ పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. దానికి రంగునిచ్చే కెరోటినాయిడ్లు కొవ్వులోనే కరుగుతాయి. పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో పచ్చి కూరగాయల సలాడ్‌తో పాటు 3 గుడ్లు తినిపించి చూస్తే, గుడ్లు లేకుండా తిన్నప్పటికంటే కెరోటినాయిడ్లు కొన్ని రెట్లు ఎక్కువగా ఒంటికి పట్టాయి. ఇక్కడ కీష్ కోసంబరికి సాయం చేస్తుందన్నమాట.

తాగడానికి ఐసు వేసిన కూల్ డ్రింక్ వద్దు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది, నోటి వేడి దానికంటే కాస్తే ఎక్కువ. చల్లటిది తాగితే అంగిలి మీది కొవ్వు అక్కడే పేరుకుంటుంది. చిన్న గ్లాసులో గోరువెచ్చటి మిరియాల చారు పోసివ్వండి. చింతపండు పులుపు, మిరియం ఘాటు, వేడి, మూడూ కలిసి వస్తాయి. చారు పలచగా ఉండాలి, పప్పుకట్టు వేయకూడదు.

రెండోసారి ఇవన్నీ పెట్టినప్పుడు అందరం ముక్క పూర్తిచేశాం, అమ్మ అరటిపువ్వు కూర మళ్ళీ వడ్డించుకుంది. చివర్లో టీ పెట్టి, అలవాటు కొద్దీ పాలు పోయబోయి ఆగాను. మజ్జిగ అరటిపువ్వుకి చేసేదే పాలు టీకీ చేస్తాయి, టానిన్లని పట్టేసుకుంటాయి. ఆ రాత్రికి మాత్రం అందరికీ పాలు లేని నీలగిరి టీ, కొంచెం వగరుగానే ఇచ్చాను.