కర్పూరంలా హరించుకుపోతున్న మంచు

1848లో యోహానెస్ రెబ్‌మాన్ అనే జర్మన్ మతబోధకుడు తూర్పు ఆఫ్రికాలో నడిచి వెళ్తూ, దూరాన ఒక కొండ నెత్తిన తెల్లగా మెరిసేదాన్ని చూశాడు. అదేమిటని అడిగితే, దారి చూపిస్తున్న మనిషి 'చలి' అన్నాడట. అది మంచేనని రెబ్‌మాన్ రాస్తే లండన్ పండితులు కొందరు కొట్టిపారేశారు. భూమధ్యరేఖకు 3 డిగ్రీల దూరంలో మంచేమిటని వాళ్ల వాదన. ఆ కొండే కిలిమంజారో. ఎత్తు 5,895 మీటర్లు.

గాలి పైకి లేచేకొద్దీ వ్యాకోచించి చల్లబడుతుంది. కిలోమీటరు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అందుకే కింద మోషి పట్టణంలో చెమటలు కారుతుంటే, శిఖరం మీద సగటు ఉష్ణోగ్రత సున్నాకు 7 డిగ్రీల దిగువన ఉంటుంది. అక్కడ గాలి పీడనం కూడా సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగమే. 'పోలే పోలే' అంటారు అక్కడి గైడ్లు, అంటే మెల్లగా మెల్లగా అని. తొందరపడి ఎక్కితే తల పగిలిపోతున్నట్టు నొప్పి, వాంతులు.

కొండ దిగువన చగ్గా అనే స్థానిక తెగ రైతుల అరటితోటలు, వాటి నీడలో కాఫీ. ఆపైన దట్టమైన అడవి, దాని తర్వాత పొదలు. సుమారు 4,000 మీటర్ల దగ్గర ఒక వింత చెట్టు కనిపిస్తుంది, పేరు జెయింట్ గ్రౌండ్‌సెల్. ఎండిన ఆకుల్ని అది రాల్చుకోదు. అవి కాండం చుట్టూ వేలాడుతూ గొంగళి కప్పినట్టు ఉంటాయి. పగలు మండే ఎండ, రాత్రి గడ్డకట్టే చలి. ఆ గొంగళే లేకపోతే కాండంలో నీరు గడ్డకట్టి, తెల్లారేసరికి ఆకులకు నీరందదు.

ఇక ఆ మంచు సంగతి. 1912 నుంచి 2007 లోపు మంచు పరుచుకున్న విస్తీర్ణంలో దాదాపు 85 శాతం పోయింది. అంతా కరిగి నీళ్లయి కిందికి పారిందనుకుంటాం. శిఖరం మీద జరుగుతున్నది ఎక్కువగా అది కాదు. గాలి బాగా పొడిగా ఉంటే, సున్నాకు దిగువ చలిలో కూడా మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది. పళ్లెంలో పెట్టిన కర్పూరం హరించుకుపోయినట్టే. 19వ శతాబ్దం చివర్లో తూర్పు ఆఫ్రికా వాతావరణం పొడిబారింది, కొత్త మంచు పడటం తగ్గింది. తాజా మంచు తెల్లగా ఉండి ఎండను తిప్పికొడుతుంది. అది లేకపోతే పాత మంచు మాసిపోయి ఎండను తాగేస్తుంది. దానికి ఇప్పుడు భూతాపం తోడైంది. మిగిలిన మంచు ముక్కల అంచులు నిట్టనిలువు గోడల్లా నిలబడి ఉన్నాయి.

మరి ఊళ్లకు నీళ్లు? అవి ప్రధానంగా ఆ మంచు నుంచి రావు, అడవి నుంచి వస్తాయి. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. వాన ఎక్కువగా పడేది 2,000 మీటర్ల పైచిలుకు ఎత్తులో, దక్షిణపు వాలు మీద. శిఖరానికి చేరే తేమ చాలా తక్కువ. అందుకే పొడి ఏళ్లలో అగ్గి అంటుకుని అడవి పైహద్దు కిందికి జరిగిపోవడం, మంచు పోవడం కంటే పెద్ద దెబ్బ. ఆ అడవిలో కొమ్మల నిండా నాచు గడ్డాల్లా వేలాడుతుంది. మబ్బు దాని మధ్య నుంచి సాగిపోతుంటే నాచు తడిసి, చినుకు చినుకుగా నేల మీదికి కారుతుంది. ఆ నీరు ఇంకి, కొన్ని వందల మీటర్ల కింద ఊటగా పైకి వస్తుంది. దాన్ని చగ్గా రైతులు తరతరాలుగా తవ్వుకున్న కాలువల్లో అరటి మొదళ్లకు మళ్లిస్తారు.